కడ్డీ పట్టుకోకుండా

డాక్టరు చీటీ మీద ఒకటే ముక్క రాసినాడు: నడవాల.
నవ్వొచ్చింది నాకు.
పద్దెనిమిదేండ్లు కర్నూలు నుంచి పత్తికొండకు
నడిచే పోయినా సారూ, బస్సు లోపల.
ముందు సీటు నుంచి ఎనక సీటుకు, ఎనక నుంచి ముందుకు,
ఎవరి కాలూ తొక్కకుండా, ఎవరి చిల్లరా మర్చిపోకుండా.
ఆయన నవ్వలే.

నాలుగు దినాలు స్టేడియం చుట్టూ తిరిగినా.
ఎక్కిన చోటే దిగే బస్సు అది.
టికెట్టు ఎవరికి కొట్టాల?
ఐదో దినం ముసుగు తన్ని పండుకున్నా.

సలీమాబీ పిలిచింది మిద్దె మీదికి.
బుధవారపేటలో వాళ్ల మిద్దే కొంచెం ఎత్తు.
నీళ్ల ట్యాంకు, చాట నిండా వంకాయ వరుగులు,
తీగ మీద ఎవరో మర్చిపోయిన లుంగీ.
వరుగులు పక్కకు జరిపి నీళ్లు చల్లితే
పగటి ఎండంతా గచ్చులోంచి ఆవిరై లేచింది.
ఎస్తేరు టీచరమ్మ మోకాలికి పట్టీ కట్టుకోని వచ్చింది,
సుంకులమ్మ పిండి చేతులతోనే వచ్చింది.
సలీమాబీ చిన్నకూతురు నౌషీను
ఫోను తీసి డబ్బాకు తగిలించింది.
కొబ్బరికాయంత డబ్బా, లోపల ఊరేగింపంత చప్పుడు.

పాటలో ఒక్క మాట అర్థం కాలే.
డప్పు మాత్రం నాకు తెలిసిందే.

కొంగు బిగించేదానికే ఒక పాట అయిపోయింది.
టీచరమ్మ పిల్లలకు డ్రిల్లు చెప్పినట్ల ఒకటీ రెండూ అంటాంది.
సుంకులమ్మ గాల్లోనే చపాతీలు ఒత్తుతాంది.
నేను కట్టె.
"కండక్టరక్కా, మోకాళ్లు వదులు" అనింది నౌషీను,
"బస్సులో ఎట్ల నిలబడతావో అట్ల నిలబడు."

అంతే.

గూడూరు దాటినాక ఆ రోడ్డు ఉండాదే,
మద్దిలేటి గుంతల్లో దించి ఎత్తుతాంటే
ఒక చేత మిషను, ఒక చేత నోట్లు,
కడ్డీ పట్టుకోకుండా నిలబెట్టింది ఈ మోకాళ్లే కదా.
బ్రేకు పడకముందే మడమకు తెలుస్తాది,
మలుపు రాకముందే నడుము ఒరుగుతాది.
అది ఆటని ఎవరూ చెప్పలే నాకు.
జీతం కాగితంలో దానికి గడి లేదు.

మా ఊర్లో చెక్కభజన ఉండె.
ఉరుకుందు మామ గురువు.
గజ్జెలు కట్టి ఇరవైమంది మగోళ్లు
నడుముదాకా దుమ్ము లేపుతా తిరుగుతాంటే
మేము తలుపుసందులో.
రెండు ముందుకు, ఒకటి ఎనక్కి, అర తిరిగి, చెక్క కొట్టి మళ్లా.
కండ్లతో నేర్చిన అడుగు కాళ్లలోకి దిగేదానికి
ముప్పై ఐదేండ్లు పట్టింది.
లేటే. అయినా వచ్చింది బండి.

"అది నాకూ నేర్పక్కా" అనింది నౌషీను.
చెక్కలు యాడ తెచ్చేది?
సలీమాబీ గిన్నెమూతలు తెచ్చింది.
పండ్లబండి ఆయన కింద నుంచి తలెత్తి చూసినాడు.
చూడనీ.
టీచరమ్మ పట్టీ జారి పాదం కాడికి వచ్చింది,
ఆమెకే తెలీదు.

చెమట నాకు కొత్త గాదు.
మే నెల బస్సు చెమట ఉప్పు, చిరాకు,
జాకెట్టు మీద తెల్ల మరక.
ఇది వేరే.
పెండ్లిలో వడ్డించి వడ్డించి
ఆఖరి పంక్తిలో మనం కూచోని తిన్నట్ల ఉండాది.

మూడు నెలలకు ఆస్పత్రికి మళ్లా పోయినా.
షుగరు కొంచెం దిగింది, అంతా దిగలే.
"నడుస్తాండారా?" చీటీలోంచి తలెత్తకుండా అడిగినాడు.
"లేద్సార్" అన్నా.
అప్పుడు తలెత్తినాడు.

రేపు ఐదుంపావు బండి.
హంద్రీ బ్రిడ్జి దాటేసరికి తెల్లారుతాది.
కోడుమూరులో ఎక్కే కాలేజీ పిల్లోడు
"కడ్డీ పట్టుకో అక్కా, పడతావు" అంటాడు రోజూ.
పడన్లే నాయనా.
కొంచెం జరుగు.