మూడో ఇల్లు

ముందు బొమ్మ చూడొద్దు సుభానూ,
తిప్పి వీపు చూడు.
మేకులు తుప్పు పట్టినాయా,
ఎవరూ విప్పలేదని అర్థం.
తీగె కొత్తదైతే అనుమానించు.
మూలన పురుగు తిన్న దారి కనపడితే
అది వయసు, దాని మీద బేరమాడొద్దు.

ఇప్పుడు భూతద్దం పెట్టు.
చుక్కలు కనపడినాయా?
నీలం, ఎరుపు, పసుపు, నలుపు,
చీమల బారు మాదిరి వరస తప్పకుండా?
అయితే అచ్చు. వేలల్లో ఒకటి.
'రంగు ఎట్ల లేచిందో తడిమి చూడన్నా' అంటారు,
నమ్మొద్దు.
అది వార్నిష్ మీద మిషను గీకిన గీతలు.

అల్-రాయ్ జుమ్మా బజార్లో
ఈ రేకుల కింద పంతొమ్మిదేండ్లు నాకు.
ఉరికే గుర్రాలు, నీళ్ళు తాగే దుప్పి,
బుట్టలో పిల్లికూనలు, మంచుకొండ కింద చెరువు.
కువైట్‌లో ఏ దివానియా గోడ నుంచి దిగినా
ఇవే నాలుగు.
ఎండ పడితే ఎరుపు ముందు చస్తాది,
నీలం మొండిది, మిగులుతాది.
ఫ్రేము అంచు కింద వేలెడు మేర
పాత రంగు దాక్కోనుంటాది.
అది చూసి, బొమ్మ పుట్టిననాటి మొహం ఊహించుకో.

ధరంటావా, ఫ్రేము కొయ్యదైతే రెండు దీనార్లు,
ప్లాస్టిక్కుదైతే ముప్పావు.
బొమ్మకు వేరే లెక్క లేదు.
'పాతది, పాతది' అని పక్కంగడి మిస్రీ అరుస్తాడు గానీ
పాతదైతే చాలదు, కొరత ఉండాల.
ఇంటింటా ఉండేదానికి విలువేంది?

అట్లే అనుకుంటాంటి, మొన్న శుక్రవారం దాకా.

జాబ్రియాలో ఎవరిదో ఇల్లు ఖాళీ చేసిన సామాన్లు.
అందులో ఆ మంచుకొండ చెరువే, మళ్ళా.
తుప్పు మేకులు. పాత తీగె.
అట్ట, నూనె డబ్బాల పెట్టెది.
దాని మీద పెన్సిలుతో మన అక్షరాలు,
వంకరగా, ఒత్తులు మింగేసి:

'ఈ సెరువు కాడ మూడో ఇల్లు నాది.
ఓబులమ్మ, సుండుపల్లి.'

పక్కన మసి వేలిముద్ర,
రిజిస్ట్రార్ ఆఫీసులో వేసినట్టు.

తిప్పి భూతద్దం పెట్టినా.
మూడో ఇల్లు గోరంత.
కిటికీలో నాలుగు పసుపు చుక్కలు, ఒకటి ఎరుపు.
అద్దం ఎత్తితే దీపం.

అంగట్లో అదే బొమ్మ ఇంకా మూడుండాయి.
దించి ఒక్కోటీ చూసినా.
అన్నిట్లోనూ ఆ ఇల్లుంది.
ఒకదాంట్లో తేమ తగిలి కాగితం ఉబ్బి
చెరువు నీళ్ళు గడప దాకా వచ్చినాయి.
ఎన్ని వేల గోడల మీద
ఓబులమ్మకు ఇల్లు కట్టి పెట్టినారో,
ఆ గోడల వాళ్ళకే తెలీదు.

మాపటేళ సిరియా జంట ఒకటి వచ్చింది.
కొత్త కాపురమంట, గోడ బోసిగా ఉందంట.
అంతమంది బొమ్మల్లో దాన్నే అడిగినారు.
అట్ట మార్చాల్నా, అట్లే ఉంచాల్నా?
మేకులు పీకే కటింగ్ ప్లేయరు చేతిలోనే పట్టుకోని
శానాసేపు నిలబడినా.

అట్లే కట్టిచ్చినా.
మూడు దీనార్లని చెప్పి, రెండున్నరకు దిగినా.
ఇల్లు లెక్కలో వెయ్యలే.

ఊ, ఆ గుర్రాల్ని తిప్పు.
వీపు చూద్దాం.