సూర్యుడి కాఫీ

నవంబరు చివర్లో మా ఊరికి సూర్యుడు రావడం మానేస్తాడు.
ఐస్‌లాండ్ పడమటి కొసన
కొండల మధ్య సముద్రం నాలుక చాపిన చోటు మాది.
దక్షిణాన కొండ పొడుగు, చలికాలపు పొద్దు పొట్టి.
రెండు నెలలు కొండ వెనకే పొడిచి
కొండ వెనకే గుంకుతుంది.
మా వీధికి దక్కేది విరిగిన పాల రంగు వెలుతురు,
అదీ పదకొండు నుంచి మూడు దాకా.

ఆ వెలుతుర్లోనే కేతిల్‌తో చదరంగం ఆడుతున్నాను.
నా మంత్రిని వాడి ఏనుగు చంపేసేదాకా
అక్కడొక ఏనుగుందని నాకు తెలీదు.
"ముసలిదానివయ్యావు హల్బేరా" అన్నాడు.
నవ్వేశాను.
ఇంటికొచ్చి ఒక కన్ను మూసి తలుపుని చూశాను.
తలుపుంది.
గడియ లేదు.

కళ్ళ డాక్టరమ్మ చిన్న విమానంలో వస్తుంది,
గాలి ఒప్పుకున్న రోజున.
యంత్రం మీద గడ్డం ఆనించమంది,
చుక్క మెరిసినప్పుడల్లా మీట నొక్కమంది.
నేను నొక్కినవి కొన్నే.
చెప్పాపెట్టకుండా మెరిసి వెళ్ళిపోయినవి ఎన్నో.
గ్లాకోమా, అంది. పోయింది తిరిగి రాదు, అంది.
ఉన్నది నిలుపుకుందాం,
ఒక్కో కంట్లో ఒక్కో చుక్క, ప్రతి రాత్రీ, అంది.

పోయింది రాదు అన్న దగ్గరే నా చెవులు మూసుకున్నాయి.
నలభై ఏళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో
బెల్టు మీద పారే గులాబీ వరదలోంచి
గోరంత పెంకుని ఏరిపారేసిన కళ్ళివి.
వీటికి ఇదా జీతం?
సీసాని ఫ్రిజ్జులో వెన్న వెనక్కి తోసేశాను.
పదకొండు రాత్రులు దాని మొహం చూడలేదు.

జనవరి చివర సూర్యుడు తిరిగొచ్చే రోజు
ఊరంతా పలచటి తీపి అట్లు పోస్తుంది, కాఫీ కాస్తుంది.
సూర్యుడి కాఫీ అంటాం.
ఈసారి మూడు రోజులు మబ్బు.
మూడు రోజులూ పెనాలు వేడెక్కాయి,
పిల్లలు మెట్ల మీద కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నారు.
నాలుగో రోజు మధ్యాహ్నం
కొండ పళ్ళ సందులోంచి ఒక పసుపు రేకు జారి
రొట్టెల కొట్టు గోడ మీద నిలబడింది.
నాలుగంటే నాలుగు నిమిషాలు.
కేతిల్ టోపీ తీశాడు.
పక్కింటి గ్రిమా పసివాణ్ణి ఆ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.
రెండు నెలలు ఎక్కడికి పోయావని
ఒక్కరూ లెక్క అడగలేదు.
నా చేతిలో అట్టు చల్లారిపోయింది.

ఆ రాత్రి వెన్న జరిపాను.

చుక్క వేశాక కన్ను మూసి
ముక్కు పక్క మూలని వేలితో నొక్కి ఉంచాలి, రెండు నిమిషాలు.
ఆ రెండు నిమిషాల చీకట్లో
ఆ రోజు చూసినవి ఒకటొకటే పిలుస్తాను:
మంచు మీద కాకి కాళ్ళ అచ్చులు.
గ్రిమా కొడుకు దిగుడు పన్ను.
కేతిల్ చొక్కాకి తప్పు రంధ్రంలో దూరిన బొత్తాం.
కొన్ని రాత్రులు ఏదీ పలకదు.
అప్పుడు సీసా మూతని పిలుస్తాను,
పాపం, ఎంత తెల్లగా ఉందో.

థాంక్స్ చెప్తే కంట్లో ఒత్తిడి దిగదని నాకూ తెలుసు.
దించేది చుక్కే.
కానీ మంచం మీంచి ఫ్రిజ్జు దాకా
ఆ చల్లటి నేల మీద నన్ను నడిపించేది
రేపు కూడా ఏదో చూడాలన్న పేరాశే.
ఏడ్చుకుంటూ తోసిన సీసాని
ఆశపడుతూ తెరుస్తున్నాను.

మొన్న డాక్టరమ్మ కాగితం తిప్పి చూసి
నల్ల మచ్చ అంగుళం కూడా జరగలేదంది.
కాగితం మీది అంగుళమో, లోకంలోదో అడగలేదు.

ఇప్పుడు బల్ల దగ్గర
ఎత్తు వేసేముందు తల పూర్తిగా ఎడమకి తిప్పుతాను,
గుడ్లగూబలా. కేతిల్‌కి విసుగు.
నిన్న వాడి ఏనుగు
మూలన, చీకట్లో, నా కోసమే కాచుకుని ఉంది.
చూశాను.