జీడి గుర్తులు

తీరం దాటిందని టీవీలో చెప్పిరి.
మాకు తీరమే లేదు కదా సామీ,
యాడ దాటుతాది?

సముద్రమనేదాన్ని నేను కండ్లతో చూసిందే లేదు.
అది మాత్రం అందరి మాదిరే తిరపతికొచ్చి
కొండెక్కి, దర్శనం చేసుకోని
దిగేటప్పుడు మెట్లు వద్దనుకోని
మా వీధి పట్టె.

స్వర్ణముఖి అంటే మాకు ఇసకే.
చెలమ తీసి, చెంబుతో తోడి
ముప్పై ఏండ్లు ఊరి గుడ్డలుతికినా.
నీళ్ళ కోసం దాన్ని గోళ్ళతో గీకినదాన్ని.
ఆ బాకీ అంతా ఒక్క రాత్రిలో
వడ్డీతో తెచ్చి ఇంట్లో పోసె.

పదకొండిండ్ల మూటలు వసారాలో ఉండె.
మడతపెట్టినవి, తెల్లారితే ఇచ్చేటివి.
మనవణ్ణి భుజానికేసుకోని మిద్దెక్కినా.
మూటలు ఒకదాని ఎనక ఒకటి
పిలిస్తే పోయినట్టు పోయినాయి.
ఇస్త్రీ పెట్టె ఒకటే కదల్లేదు.
దాని కడుపులో బూడిద బురదయ్యింది, అంతే.

నాలుగో దినం ఏటి గట్టున పోతా చూస్తే
సర్కారు కంపల నిండా గుడ్డలు.
ఎవరుతికిరో, ఎవరు పిండిరో,
మైళ్ళ పొడుగునా ఆరేసి పెట్టిరి.
ముండ్లు గీసుకుంటా ఒక్కోటి లాగి
కాలరు తిప్పి చూస్తా పోయినా.

జీడి గింజ రసం సామీ అది.
సూదితో తీసి మూలన చుక్క పెడితే
సోడాకి పోదు, ఎండకి పోదు,
ఇంత ఏటికి కూడా పోలేదు.
నెలవంక ఖాదర్‌వలీ సాయిబు ఇల్లు.
ఆ గుర్తు పెట్టిననాడు ఆయన శానా నవ్వె.
గీత మీద గీత, బ్యాంకాయన.
కొక్కెం, సరోజినీ టీచరు.
పట్టుచీర పోతే పోనీలే మే, నువ్వుండావు, అది చాలు అనె టీచరు.
మర్నాడు పనిపిల్లని పంపి
చీర ఏమన్నా అగుపడిందేమో అడిగిపించె.

లెక్క రాసుకునే పిల్లోడొచ్చె.
నీకేం పోయిందమ్మా అనె.
ఊరోళ్ళ గుడ్డలు అంటిని.
అవి నీవి కాదు కదా అనె.
అవునుగదా అనుకుంటిని.
నా మీద పడే మాట ఏ గడిలో రాస్తాడు పాపం.
వేలు పెట్టమనె మిషన్ మీద.
పడలా.
తుడిచి పెట్టమనె. పడలా.
సోడా తినేసిన వేలు అది,
దానిలో నేను లేనంట.
ఊరందరికీ గుర్తులు పెట్టినదాన్ని
నాకొకటి పెట్టుకోకపోతిని.

మూడు చుక్కల ఇల్లు మలుపులో ఉండె.
చెంగల్రాయుడు, పెండ్లాం, బిడ్డ.
నేను చుక్కలు మనుషులని లెక్కపెట్టి పెట్టలేదు,
అట్లా కుదిరె, అంతే.
ఇప్పుడా మలుపు మలుపుగా లేదు.
ఏరు నేరుగా పోతా ఉండాది.

బిడ్డ యూనిఫారం చొక్కా ఒకటి దొరికె,
తాటి మట్టకు చుట్టుకోని.
రెండో గుండీ ఊడింది, కుట్టించమ్మో అని
ఆ బిడ్డ పోయిన వారమే చెప్పె.
మరిచిపోతిని.

బోరు నీళ్ళతో మూడు తూర్లు ఉతికినా.
ఒండ్రు మట్టి నీరు కావడానికి మూడు తూర్లు పట్టె.
తడి బొగ్గు అంటుకోవడానికి శానాసేపు పట్టె.
పంచాయితీ ఆఫీసులో ఇస్తామని పోతే
సంతకం పెట్టి తీసుకునేవాళ్ళుండాల అనిరి.
తిరిగి తెచ్చుకుంటిని.

గుండీ కుట్టినా.
దారం తెల్లది దొరకలా, నీలంది.

రేపు సోమవారం.
ఆ ఇంటికి గుడ్డలిచ్చే దినం.