ఎడమ చెవి

రాత్రి రెండున్నరకి కెజియా ఏడుస్తోందని
నాకు చెయ్యి చెప్పింది, చెవి చెప్పలేదు.
పందొమ్మిదేళ్లు చీమకుర్తి క్వారీలో డ్రిల్లు పట్టినోణ్ని.
నల్లరాయి నా వినికిడిని
కొంచెం కొంచెంగా కొనేసుకుంది.
పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనిస్తే
లోపల కంప్రెసర్ ఆడుతున్నట్టు అదురు.

వారం నించీ జలుబు.
పడుకోబెడితే ఎక్కువ, ఎత్తుకుంటే తక్కువ.
రెండేళ్లు నిండని దానికి చెవి అనడం రాదు,
పీక్కుంటా ‘పులుగు, పులుగు’ అంటోందంట,
రూతమ్మ నా మొహానికెదురుగా నిలబడి చెప్పింది.

మా అత్త అప్పటికే గరిటెలో నూనె కాచింది.
వెల్లుల్లి రెబ్బలు నల్లబడినయ్.
రూతమ్మ గరిటె లాక్కుని దొడ్లో పారబోసింది,
లోపలేముందో చూడకుండా చుక్క కూడా పొయ్యొద్దని.
అత్త తెల్లారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.
నాకైతే తేడా తెలియలేదు.

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు మేడ మీద,
డాక్టర్ షకీలా గారు
పిల్ల తలని నా రొమ్ముకి అదిమి పట్టుకోమంది.
చిన్న లైటు పెట్టి చూసింది. నన్నూ చూడనిచ్చింది.
పొర అంట. గోరంత కూడా లేదు.
వెనకాల చీము నెడతా ఉంటే
ఎర్రగా ఉబ్బి, పగలనా వద్దా అన్నట్టుంది.
రాయిలో వెంట్రుక బీట కనిపెట్టే కళ్లు నావి,
అంత పల్చటిదాన్ని ఎప్పుడూ చూళ్లేదు.

సీసాలో పొడి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా.
రోజుకి రెండుసార్లు, పది రోజులు.
జ్వరం పోయినా ఆపొద్దు. నెలకి మళ్లీ చూపించండి,
లోపల నీరు నిలబడితే మాట వెనకబడుద్ది.
అన్నీ వేళ్లతో చూపించి చెప్పింది.
మీ చెవులూ చూపించుకోండి అంది.
నేను వినపడనట్టే ఉన్నా.

మూడో రోజుకి పిల్ల వాకిట్లో కోళ్ల వెంట పడింది.
ఇంకెందుకా మందు, వేడి చేస్తది, అంది అత్త.
సగం తొలిచి వదిలిన రాయి
యాడ పగులుద్దో మేస్త్రీకి కూడా తెలవదు.
పది రోజులూ పొద్దునా మాపునా
మస్తాన్‌బీ ఇంటి ఫ్రిజ్‌లోంచి సీసా నేనే తెచ్చా,
కుదిపి కుదిపి, గీత చూసి పట్టించా.
సగం నా చొక్కా మీద ఉమ్మేది. మళ్లీ పోసేవాణ్ని.

పదకొండో రోజు
దానికి కనపడకుండా ఎడమ పక్కన నిలబడి
పళ్లెం మీద గరిటెతో మెల్లగా కొట్టా.
అదే గరిటె.
నాకు ఏ చప్పుడూ లేదు,
వేళ్లలో సన్నటి అదురు తప్ప.

కెజియా మెడ తిప్పింది.

ఇటియ్యి అని చెయ్యి చాపింది.
ఇచ్చా.
సాయంత్రం దాకా ఒకటే మోత అంట,
రూతమ్మ తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది.