పెన్సిలు

వెస్ట్రీ గదిలో హీటరుకి ఒక్క కడ్డీయే వెలుగుతోంది.
బల్ల మీద లోయ పటం పరిచారు,
చుట్టుకుపోకుండా నాలుగు మూలలా
నాలుగు కీర్తనల పుస్తకాలు పెట్టారు.
ఏడు ఎర్ర చుక్కలు, ఏడు గుళ్లు.
వచ్చే జనవరి నుంచి జీతం
ఒకటిన్నర గురువులకేనని
బిషప్పుగారి ఆఫీసు ఉత్తరం.

"అర గురువంటే ఏ అర?" అన్నాడు మెయిరియన్.
"నడుము పైదా, కిందదా?
పైదైతే ప్రసంగం చెబుతుంది.
నన్నడిగితే కిందదే పంపమనండి,
గుమ్మాలెక్కి మంచాల దాకా వస్తుంది."
ఎవరూ నవ్వలేదనుకున్నాను.
టెగ్వెన్ భుజాలు కదిలాయి.

నేను మినిట్స్ రాసేవాణ్ణి.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ లోయలో బస్సు తోలినవాణ్ణి.
పటం పరిస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు.
మా రూటు ఎత్తేసిన రోజునా ఇలాగే పరిచారు,
ఇవే అల్లం బిస్కెట్లు.
తగ్గిస్తున్నామనలేదు, సర్దుతున్నామన్నారు.
ఆఖరి ట్రిప్పుకి ఎక్కింది ఇద్దరే:
ఒకామె గుడ్ల బుట్టతో,
ఒకాయన ఎక్కడికీ కాదు, ఊరికే, చివరిదాకా.

ఆర్చిడీకనమ్మ మంచి మనిషి.
ఆకుపచ్చ పెన్నుతో గీతలు కలిపింది:
మొదటి ఆదివారం ఇక్కడ బల్లారాధన,
మూడోది వంతెన అవతల,
ఐదో ఆదివారం వస్తే అందరూ ఒకచోట.
"మరి మిగతావి?"
"మిగతావి మీవి" అంది.
మా చేతుల్లో ఏదో పెట్టినట్టూ ఉంది,
చేతుల్లోంచి ఏదో లాక్కున్నట్టూ ఉంది.

ఎలునెడ్ చదువుతుంది, ప్రార్థన మాత్రం నలుగురిలో చెయ్యలేదు,
గొంతు పెగలదు.
ప్లంబరు యోర్వెర్త్ గొంతుకి కప్పు ఎగిరిపోతుంది,
చదవమంటే కళ్లజోడు మరిచానంటాడు, ఇరవై ఏళ్లుగా.
పన్నెండేళ్ల నెస్టా ఆర్గన్ వాయిస్తానంది.
వచ్చినవి మూడు రాగాలు.
ఆ మూడింట్లోనే దేవుణ్ణి సర్దుకోమందాం.

అన్నీ గడుల్లో పడుతున్నాయి.
అప్పుడు టెగ్వెన్ అడిగింది,
"మంగళవారం రాత్రులు ఏ గడిలో?"

పోయిన చలికాలం ఇద్వల్ బ్రీజ్ పోయిన రాత్రి.
కనుమ మీద మంచు, గురువుగారి కారు అవతలే ఆగిపోయింది,
ఫోనులో ఆయన మాట తెగి తెగి వచ్చింది.
ఈనే గొర్రెల్ని చూడ్డానికి వెళ్లిన టెగ్వెన్
మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని
మంచం పక్కన కూచుంది.
పుస్తకంలో మాటలు ఆమెకి రావు.
ఏ గొర్రె ఈనిందో చెప్పింది,
ఏది కవలల్ని వేసిందో,
ఏ పిల్ల లేచి నిలబడిందో.
తెల్లారగట్ల ప్రభువు నేర్పిన ప్రార్థన,
సగం వెల్ష్‌లో, సగం మరిచిపోయి.
ఆ సగం ఇద్వల్ పెదవులు పూర్తిచేశాయిట.

"అది లెక్కకొస్తుందా?" అంది టెగ్వెన్.
ఆర్చిడీకనమ్మ పెన్నుకి మూత పెట్టింది.
"వస్తుంది. కాని రొట్టె విరవడానికి మాత్రం..."
"తెలుసు. నేనడిగింది రొట్టె సంగతి కాదు."

ఇదంతా శుభవార్తేనని రాయమంటే
నా చెయ్యి ఆడలేదు.
జీతం తగ్గితే జీతం తగ్గిందనే రాశాను.
బస్సు పోయాక ఎలునెడ్‌ని సంతకి దించిందెవరు,
యోర్వెర్త్ తల్లిని ఆస్పత్రికి చేర్చిందెవరు,
అందుకని బస్సు పోవడం మంచిదయిందా?
ఈ రెండు ముక్కలూ మినిట్స్‌లోకి ఎక్కలేదు.

అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు.
మెయిరియన్ మిగిలిన బిస్కెట్లు
కుక్క కోసమంటూ జేబులో వేసుకున్నాడు.
ఫిబ్రవరి రెండో ఆదివారం, కొండమీది గుడి:
ఒక్క గడి ఖాళీ.
ఆ రోడ్డుకి ఇసుక కూడా చల్లరు.
ఏ మలుపులో జారుతుందో, ఏ గేరులో ఎక్కాలో
నాకు కాక ఇంకెవరికి తెలుసు?
పైకెక్కాక ఏం చెప్పాలో, అది తెలీదు.

నా పేరు రాశాను.
పెన్సిలుతోనే, రుద్దితే పోయేట్టు.
గట్టిగా నొక్కానేమో,
కింది కాగితం మీద, మార్చి నెలలోనూ,
అచ్చు పడింది.