ఎవరి మూర?

కాప్రాలో, చెరువుకు ఇవతల,
కూల్చబోయే ఇల్లొకటి కొలిచి రమ్మన్నారు.
టేపు పట్టుకుని వెళ్తే దర్వాజా నుదుటికి తగిలింది.
"వంగాలె బిడ్డా," లోపలి నుంచి బాలపీరు,
"మా అమ్మ పొట్టిది."

ఎప్పుడో అమ్ముకున్న ఇల్లే. దూలాల కోసం వచ్చాడట,
రెండింటికి బేరం కుదిరింది.
బీడీ చెవి సందున దోపుకుని
గోడను అరచేత్తో తట్టాడు,
సంతలో ఎద్దును తట్టినట్టు.

ఎర్రమన్ను ఈడిదే. గీ జాగల్నే తవ్వినం.
తవ్విన గుంతల వాననీళ్ళు నిలిస్తే
గా నీళ్ళతోనే నానబెట్టినం.
గడ్డి మా మేనత్త తరిగింది.
తొక్కుడు పిల్లలది.
పొద్దుగూకేదాంక తొక్కితే
రాత్రి నిద్రల గూడ కాళ్ళు తొక్కుతుండె.

ఒక్క వరస పెట్టి ఆగాలె.
నాలుగొద్దులు ఎండాలె.
తొందరపడ్డ గోడకు కడుపుబ్బుతది,
ఎన్కకెల్లి కూలవడ్తది.

"మరి ఆ నాలుగు రోజులు?"
"పక్కోళ్ళ గోడ పెడ్తుంటిమి."

నా కాగితంలో గడులున్నాయి.
గోడ రకం: మట్టి.
విలువ: సున్న.
మందం దగ్గర టేపు మెలిపడింది.
అతను మోచెయ్యి ఆనించి చూశాడు.
"మూరెడు మీద బెత్తెడు రాయి."
రాశాను, ఎందుకో.

ఆఫీసులో శ్రీరంగంగారు కళ్ళజోడు ఎత్తి
"ఎవరి మూర?" అన్నారు.
అందరూ నవ్వారు.
ప్రశ్న మంచిదే.

లాలమ్మ మూర.
ఆమె మోచేతి నుంచి నడివేలి కొసకు ఎంతో
అంతకు నాలుగింతలు దర్వాజా, ఏడింతలు వసారా.
పొయ్యి ముందు కూర్చుని, లేవకుండా,
ఉప్పు అందుకునేంత దూరంలో గూడు.

కొత్త ప్లానులో గోడ నాలుగున్నర అంగుళాలు.
పాత గోడలు తిన్న జాగానంతా కూడితే
ఇంకో బాత్రూం వచ్చింది.
నేనే గీశాను. బాగానే కుదిరింది.

మంగళవారం జేసీబీ.
పెద్ద చప్పుడవుతుందని చెవులు మూసుకున్నాను.
గోడ మోకాళ్ళ మీద కూర్చుంది, అంతే.
కాసేపటికి ఏది గోడో ఏది నేలో
లారీ డ్రైవరుకు అంతుపట్టలేదు.
"ఎక్కడిదాంక ఎత్తాలె సారూ?"

గుంత పూడ్చిన చోట సెల్లారు తవ్వుతున్నాం.
నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి.
రాత్రంతా మోటారు నడుస్తోంది.

నిన్న ముగ్గుపిండితో గీతలు వేయించడానికి వెళ్తూ
దర్వాజా ఉండిన చోట
తల వంచాను.
తట్ట నెత్తిన పెట్టుకుని వెనకే వస్తున్న పిల్ల
ఏముందోనని
పైకి చూసింది.