సాలుసాలూ

తొలివాన పడినాక తుగ్గలి చేన్లలో
తల వంచుకొని నడిచే జనంలో నేనూ ఒకదాన్ని.
పలుగురాళ్లు, గాజుపెంకులు, ఎర్రమట్టి.
ఒక్క మెరుపు కోసం ఇరవై రెండేండ్లు.
దొరికింది ఒకేసారి, చింతగింజలో సగం.
సేటు దాన్ని లాంతరు కాడ తిప్పి
"మచ్చ ఉందమ్మా" అని ఆరువేలు చేతిలో పెట్టినాడు.

ముట్లు నిలిచిన ఏడేండ్లకు
చీర మీద మరక.
కర్నూలు పెద్దాసుపత్రిలో గర్భసంచి తీసి
డబ్బాలో పెట్టి నా కొడుక్కి చూపించినారంట.
"నన్ను మోసింది ఇదేనామ్మా?" అన్న్యాడు వాడు.
కుట్లు పిగిలేట్టు నవ్వినా.

"మళ్లీ రాకుండా ఒక మందు పరీక్షిస్తాండాం"
అనింది పర్వీన్ డాక్టరమ్మ.
"ఒంట్లో కావలికుక్కలుంటాయి.
క్యాన్సరు వాటికి చుట్టం మాదిరి వాసన చూపించి
పక్కనుంచే దాటిపోతుంది.
ఈ మందు ఆ చుట్టరికం తెంపుతుందేమో, చూడాల."
"అందరికీ ఎక్కిస్తారా?"
"కీమో అందరికీ. ఈ మందు సగం మందికే,
మిగతా సగానికి ఉప్పునీళ్లు.
ఎవరికి ఏదో నాకూ తెలీదు."

ఇది తెలిసిన లెక్కే నాకు.
ఒకే చేను, వంద మంది,
ఎవరి కాలికింద ఉందో మబ్బుకు కూడా తెలీదు.
పదకొండు కాగితాలు చదివి వినిపించినారు.
"ఎప్పుడైనా మానుకోవచ్చు" అన్న కాడ
ఇంకోసారి చదవమన్నా.
నా బతుకులో ఎవురూ అట్లా రాసియ్యలేదు.
వేలిముద్రల ప్యాడు పక్కకు జరిపి
దస్తగిరమ్మ అని నిదానంగా రాసినా.

మూడు వారాలకోసారి పత్తికొండ బస్సు.
సీసా మీద పేరు లేదు, అంకె ఉంది.
ఒకసారి చేతుల మీద దద్దులు లేచినాయి.
"నీకు మందే పడింది లే" అనింది పక్క మంచం మారెక్క,
తనకు ఒక్క దురదైనా రాలేదని
చేయి తిప్పి తిప్పి చూసుకుంటా.
"దోమలక్కా," అన్నా. "మా ఊరి దోమలు."

ఈపొద్దు స్కాను.
అద్దం అవతల ఒక పిల్లోడు
తెర మీదికి వంగి
నా లోపలంతా సాలుసాలూ నడుస్తాండాడు.
ఆ వంగడం నాకు తెలుసు. ఆ కన్ను తెలుసు.
నాయనా, నిదానంగా చూడు,
గెట్టు వార కూడా వదలొద్దు.
ఉత్త చేతుల్తో రా.

బయట వాన మొదలయింది.
తుగ్గలిలో ఈపాటికి
చెప్పులు చేతబట్టుకొని
దిగింటారు.